చుక్క చెప్పిన కబురు

రాజమహేంద్రవరంలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఆ ఇంట్లో అమ్మ, నాన్నగారు, నాయనమ్మ, కాకినాడ కాలేజీలో చదువుకునే అక్కయ్య, ఏడో తరగతి చదివే తమ్ముడు ఉన్నారు. అక్కయ్య రోజూ బస్సులో వెళ్ళి బస్సులోనే తిరిగివస్తుంది. మామూలుగా ఆరు గంటలకల్లా ఇల్లు చేరుకుంటుంది.

ఒకనాటి సాయంకాలం ఏడు దాటినా అక్కయ్య రాలేదు. బయట జోరున వాన కురుస్తున్నది. వీధిలో దీపాలు పోయాయి. అమ్మ వంటింటికీ వీధిగుమ్మానికీ మధ్య పదిసార్లు తిరిగింది. నాయనమ్మ ఏడుకొండలవాడికి ముడుపు కూడా కట్టేసింది.

తమ్ముడు మాత్రం అమ్మ ఫోను తీసి, అందులో ఒక పటం తెరిచాడు. పటం మీద ఒక నీలం చుక్క మెల్లగా జరుగుతున్నది.

"అమ్మా, అక్క పెద్దాపురం దాటింది! బస్సు నెమ్మదిగా వస్తున్నది, అంతే!" అన్నాడు వాడు.

అమ్మ ఊపిరి పీల్చుకున్నది. పొయ్యి మీద పప్పు మాడుతున్న సంగతి ఆవిడకు అప్పుడు తెలిసివచ్చింది.

పిల్లలూ, ఈ నెల మనం ఆ నీలం చుక్క కథ చెప్పుకుందాము. పెద్దాపురం దగ్గర వానలో వచ్చే బస్సు, రాజమహేంద్రవరంలో వంటింట్లో ఉన్న ఫోనులో ఎలా కనబడింది? ఆ చుక్కను అక్కడ ఎవరు పెట్టారు? అమ్మకు కనబడిన చుక్క ఇంకెవరికయినా కూడా కనబడుతుందా? ఈ మూడో ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. దానికి జవాబు మీరూ, మీ అమ్మా నాన్నలూ కలిసి తెలుసుకోవాలి.

క్షేమంగా చేరాము

మనవాళ్ళు ఎక్కడ ఉన్నారో, ఎలా ఉన్నారో తెలుసుకోవాలన్న ఆత్రం కొత్తది కాదు. మీ తాతగారి కాలంలో ఊరికి వెళ్ళినవాళ్ళు చేరీచేరగానే ఒక కార్డు ముక్క రాసేవారు. "క్షేమంగా చేరాము" అని అందులో ఒక్క ముక్క ఉంటే చాలు. ఆ కార్డు వచ్చేసరికి మూడు నాలుగు రోజులు పట్టేది. అంతవరకూ ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తూ ఉండేవారు. మరీ తొందరయితే టెలిగ్రాము ఇచ్చేవారు. మన దేశంలో ఆ టెలిగ్రాములు కూడా 2013 జూలైలో ఆగిపోయాయి.

కార్డయినా, టెలిగ్రామయినా చెప్పేది జరిగిపోయిన సంగతి. ఈ చుక్క చెప్పేది జరుగుతున్న సంగతి. తేడా అంతా అక్కడే ఉన్నది.

కూత విన్న ఇద్దరు

కథ 1957 అక్టోబరు 4వ తేదీన మొదలయింది. ఆ రోజున సోవియట్ రష్యావారు స్పుత్నిక్ అనే చిన్న ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. మనిషి చేసిన మొదటి ఉపగ్రహం అదే. అది భూమి చుట్టూ తిరుగుతూ "బీప్ బీప్" అని రేడియోలో కూత పెట్టేది.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక ప్రయోగశాలలో విలియం గయర్, జార్జి వైఫెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ కూత విన్నారు. మీరు రైలుకట్ట దగ్గర నిలబడినప్పుడు గమనించారా? రైలు కూత పెట్టుకుంటూ దగ్గరికి వచ్చేటప్పుడు ఆ కూత సన్నగా వినిపిస్తుంది. మనలను దాటిపోగానే బొంగురుపోతుంది. స్పుత్నిక్ కూత కూడా అలాగే మారుతున్నది. ఆ మార్పును లెక్కకట్టి, ఉపగ్రహం ఏ దారిన పోతున్నదో నేల మీద కూచునే చెప్పగలిగారు ఆ ఇద్దరూ.

1958లో వారి పై అధికారి ఫ్రాంక్ మెక్లూర్ ఒక ప్రశ్న వేశాడు. "మనం ఎక్కడ ఉన్నామో మనకు తెలుసు గనక ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో కనుక్కున్నాము. మరి ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో ముందే తెలిస్తే, మనం ఎక్కడ ఉన్నామో కనుక్కోలేమా?"

చూశారా, ప్రశ్నను తలకిందులు చేస్తే ఎంత పని జరిగిందో! నడిసముద్రంలో ఉండే ఓడలూ, జలాంతర్గాములూ తమ చోటు తెలుసుకోవటానికి ట్రాన్సిట్ అనే ఉపగ్రహాలు ఈ ఆలోచన నుంచే పుట్టాయి. ఆ తరువాత మరింత మంచి పద్ధతి వచ్చింది. దాని పేరు జి.పి.ఎస్. దాని మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో ఆకాశానికి వెళ్ళింది. ఈ ఉపగ్రహాలు నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తాయి. పని సాగాలంటే కనీసం 24 ఉపగ్రహాలు కావాలి.

పటం మీద ఒక ఆట

ఉపగ్రహాలను బట్టి మన చోటు ఎలా తెలుస్తుంది? దీనికి ఒక ఆట ఉన్నది. మీ అట్లాసు, ఒక వృత్తలేఖిని తెచ్చుకోండి. పటం కింద ఎన్ని కిలోమీటర్లకు ఒక సెంటీమీటరో రాసి ఉంటుంది, అది చూసుకోండి.

ఒక స్నేహితుడు మనకు కబురు పంపాడు: "నేను ఉన్న చోటు హైదరాబాదుకు తిన్నగా 180 కిలోమీటర్ల దూరం. కనుక్కోండి చూద్దాం!" కాకి ఎగిరినట్టు తిన్నగా అన్నమాట, రోడ్డు వెంట కాదు.

హైదరాబాదు మీద వృత్తలేఖిని ముల్లు పెట్టి 180 కిలోమీటర్లకు ఒక చక్రం గీయండి. స్నేహితుడు ఆ గీత మీద ఎక్కడయినా ఉండవచ్చు. అంతకన్నా చెప్పలేము. "విజయవాడకు 100 కిలోమీటర్లు" అని రెండో కబురు వచ్చింది. విజయవాడ చుట్టూ రెండో చక్రం గీయండి. రెండు చక్రాలూ రెండే చోట్ల కలుసుకుంటాయి. ఒకటి ఖమ్మం దగ్గర, రెండవది పల్నాటిలో. ఈ రెంటిలో ఏది? "వరంగల్లుకు కూడా సుమారు 100 కిలోమీటర్లే" అన్నాడు స్నేహితుడు. మూడో చక్రం గీయగానే సంగతి తేలిపోయింది. ఆయన ఖమ్మంలో ఉన్నాడు!

ఫోను చేసే పని కూడా ఇదే. మూడు ఊళ్ళకు బదులు ఉపగ్రహాలుంటాయి, అంతే. మరి ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో ఫోనుకు ఎలా తెలుస్తుంది? ప్రతి ఉపగ్రహమూ, "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సరిగ్గా ఇంత సమయం అయింది," అని ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. ఆ కబురు వెలుతురు వేగంతో, సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున వస్తుంది. నేల చేరటానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. కబురు బయలుదేరిన సమయం, అందిన సమయం తెలిస్తే దూరం తెలిసిపోతుంది. మేఘం మెరిసిన తరువాత ఉరుము ఎంతసేపటికి వినిపించిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెబుతారు చూడండి, అలాంటిదే ఇదీను.

అయితే ఇక్కడ గడియారం చాలా ఖచ్చితంగా ఉండాలి. సెకనులో పదిలక్షవ వంతు తేడా వస్తే చోటులో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకని ఉపగ్రహాలలో పరమాణు గడియారాలు పెడతారు. ఫోనులో అంత ఖరీదయిన గడియారం పెట్టటం కుదరదు. అందుచేత ఫోను మూడు ఉపగ్రహాలతో ఊరుకోక నాలుగో ఉపగ్రహం కబురు కూడా విని, తన గడియారంలో ఉన్న తప్పును దిద్దుకుంటుంది.

ఇంకొక వింత ఉన్నది. భూమి ఆకర్షణ తక్కువగా ఉన్న చోట గడియారం కాస్త త్వరగా నడుస్తుందనీ, వేగంగా పోయే గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుందనీ ఐన్‌స్టీన్ చెప్పాడు. ఈ రెండూ కలిసి ఉపగ్రహంలోని గడియారం రోజుకు సెకనులో పదిలక్షల వంతులు 38 చొప్పున ముందుకు పోతుంది. దాన్ని దిద్దకపోతే ఒక్క రోజులో 11 కిలోమీటర్ల పైచిలుకు పొరపాటు వచ్చేది. అప్పుడు పెద్దాపురంలో ఉన్న బస్సు ఏ పొలాల మధ్యనో కనబడేది!

అందరి సొత్తు

జి.పి.ఎస్. మొదట అమెరికా సైన్యం కోసం పుట్టింది. 1983 సెప్టెంబరు 1వ తేదీన ఒక ఘోరం జరిగింది. కొరియాకు చెందిన ఒక ప్రయాణీకుల విమానం దారి తప్పి సోవియట్ దేశం మీదికి వెళ్ళింది. అక్కడి యుద్ధవిమానం దాన్ని కూల్చివేసింది. అందులో ఉన్న 269 మందీ చనిపోయారు. తాము దారి తప్పామని ఆ విమానం నడిపేవారికి తెలియనే లేదు. ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్, జి.పి.ఎస్. పూర్తి కాగానే దాన్ని అన్ని దేశాల ప్రజలూ ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటన చేయించాడు. అయినా చాలాకాలం మామూలు జనానికి అందే కబురులో కావాలని కొంత తప్పు కలిపేవారు. 2000 మే నెలలో అది మానేశారు. ఇప్పుడు ఆరుబయట నిలబడితే మామూలు ఫోను కూడా సుమారు 5 మీటర్ల లోపున మన చోటు చెప్పగలుగుతున్నది.

మన దేశం కూడా ఊరుకోలేదు. 2013 జూలై 1వ తేదీ రాత్రి మన శ్రీహరికోట నుంచి ఈ పనికోసం మొదటి ఉపగ్రహం లేచింది. 2016 ఏప్రిల్‌లో ఏడవది వెళ్ళింది. ఈ వరసకు "నావిక్" అని పేరు పెట్టారు. మొదటి ఉపగ్రహంలోని మూడు పరమాణు గడియారాలూ తరువాత పాడయిపోయాయి. గడియారం లేని ఉపగ్రహం నోరులేనిదానితో సమానం. మన శాస్త్రజ్ఞులు నిరాశపడక స్వయంగా పరమాణు గడియారం తయారుచేశారు. 2023 మే 29వ తేదీన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఉపగ్రహంలో ఆ స్వదేశీ గడియారం ఉన్నది.

ఉపగ్రహానికి మీరెవరో తెలియదు

ఇక్కడ చాలామంది పెద్దలు కూడా పొరపాటు పడతారు. ఆకాశం నుంచి ఉపగ్రహం మనలను చూస్తున్నదని వాళ్ళు అనుకుంటారు. అది నిజం కాదు. ఈ ఉపగ్రహం గుడిగంట లాంటిది. గంట మోగుతుంది, ఊరంతా వింటుంది. ఎవరు విన్నారో గంటకు తెలియదు. ఫోను ఉత్తగా వింటుంది, లెక్కకట్టుకుంటుంది, తన చోటు తాను తెలుసుకుంటుంది. అంతటితో ఆగితే ఆ రహస్యం ఫోనులోనే ఉండిపోతుంది.

అక్కయ్య ఫోను తన చోటు అమ్మకు చెప్పాలంటే ఇంకొక పని జరగాలి. ఆ చోటును అంకెలుగా రాసి ఫోను దగ్గరలో ఉన్న టవరుకు పంపుతుంది. అక్కడి నుంచి అది తీగల వెంట ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంప్యూటరుకు చేరుతుంది. ఆ కంప్యూటరు దాన్ని అమ్మ ఫోనుకు అందిస్తుంది. అమ్మ ఫోను పటం మీద చుక్క పెడుతుంది. కొద్దికొద్ది సేపటికి మళ్ళీ మళ్ళీ ఇలా జరుగుతుంది గనక చుక్క నడిచినట్టు కనబడుతుంది.

అంటే మధ్యలో ఒక తపాలా బంట్రోతు ఉన్నాడన్నమాట! ఆయన చేతిలో ఉన్నది కార్డు అయితే చదవగలడు. కవరు అయితే చదవలేడు. మన చోటు చెప్పే కబురు కార్డులా పోతున్నదా, కవరులా పోతున్నదా అన్నది మనం అడిగి తెలుసుకోవలసిన సంగతి.

అమ్మ కొంగున తాళంచెవి

కవరునయినా చించవచ్చు గదా అంటారేమో. అందుకే శాస్త్రజ్ఞులు గట్టి ఉపాయం కనిపెట్టారు.

అమ్మ దగ్గర ఒకే రకం తాళంకప్పలు బోలెడు ఉన్నాయనుకోండి. అన్నిటికీ ఒకటే తాళంచెవి. అది అమ్మ కొంగున ఉన్నది. తాళంకప్పలను మాత్రం తెరిచి ఎవరు అడిగితే వారికి ఇస్తుంది. అక్కయ్య తన చోటు ఒక చీటీ మీద రాసి, పెట్టెలో పెట్టి, అమ్మ ఇచ్చిన తాళంకప్ప టక్కున నొక్కేసింది. ఇక ఆ పెట్టె ఎన్ని చేతులు మారినా భయం లేదు. మోసేవాడు తెరవలేడు. దారిలో దొంగిలించినవాడు తెరవలేడు. నొక్కిన అక్కయ్య కూడా తిరిగి తెరవలేదు! అమ్మ ఒక్కతే తెరవగలదు.

ఫోనులలో ఈ తాళంకప్పా, తాళంచెవీ రెండూ పెద్ద పెద్ద సంఖ్యలు. నొక్కటం తేలిక, చెవి లేకుండా తెరవటం ఎంత పెద్ద కంప్యూటరుకయినా అసాధ్యంలాంటిది అయిన లెక్కలు అవి. 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ రకం ఆలోచనను లోకానికి ప్రకటించారు. పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకునే ఈ పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల ఉన్నది. 2017 అక్టోబరులో వాట్సాప్ కదిలే చుక్కను పంపే సౌకర్యం తెచ్చినప్పుడు దానికి ఈ తాళం వేసింది. 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అని గడువు కూడా పెట్టింది. గడువు తీరగానే చుక్క మాయమవుతుంది.

అయితే తాళం వేసినా పూర్తిగా కనబడకుండా పోము. పెట్టెలో ఏముందో తెలియకపోయినా, ఎవరు ఎవరికి పెట్టె పంపారో బంట్రోతుకు తెలుస్తుంది. ఫోను ఏ టవరు దగ్గర ఉన్నదో ఫోను కంపెనీకి తెలియక తప్పదు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగు చుక్కలు చాలు

"నా చోటు ఎవరికి తెలిస్తే ఏమిటి? నేనేమన్నా దొంగతనం చేశానా?" అని మీకు అనిపించవచ్చు. ఒకసారి ఆలోచించండి. రాత్రి చుక్క ఆగిన చోటు మీ ఇల్లు. పగలు ఆగిన చోటు మీ బడి. సాయంకాలం ఆగిన చోటు మీ ఆటస్థలం. పేరు రాయకపోయినా ఈ మూడూ చూసినవాడు మీరెవరో చెప్పగలడు.

ఇది ఊహ కాదు. 2013లో కొందరు శాస్త్రజ్ఞులు 15 లక్షల మంది ఫోనులు పదిహేను నెలలలో ఎక్కడెక్కడ ఉన్నాయో పరీక్షించారు. ఆ లెక్కలలో ఎవరి పేర్లూ లేవు. అయినా ఒక మనిషి ఏ వేళ ఏ చోట ఉన్నాడో నాలుగు చుక్కలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతా అందరి నుంచీ విడదీసి గుర్తించవచ్చునని తేలింది.

ఇంకొక సంగతి వినండి. పరుగెత్తేవారూ, సైకిలు తొక్కేవారూ తాము వెళ్ళిన దారులను దాచుకునే స్ట్రావా అనే సౌకర్యం ఒకటి ఉన్నది. 2017 నవంబరులో ఆ కంపెనీ లోకంలోని దారులన్నిటినీ కలిపి, పేర్లు లేకుండా, ఒక అందమయిన పటం వేసింది. ఎక్కువమంది పరుగెత్తిన దారులు అందులో వెలుగుతూ ఉంటాయి. 2018 జనవరిలో ఒక విద్యార్థి ఆ పటం చూస్తూ, ఎడారి దేశాలలో మనుషులే లేని చోట కూడా వెలుగు గీతలు ఉండటం గమనించాడు. అవి ఏమిటనుకున్నారు? సైనిక శిబిరాలు! లోపల ఉన్న సైనికులు ప్రతి ఉదయం శిబిరం చుట్టూ పరుగెత్తేవారు. శత్రువుకు తెలియకూడని చోటును ఎవరూ చెప్పకుండానే చుక్కలు చెప్పేశాయి.

మన చోటు మన ఇంటి తాళంచెవి లాంటిది. అమ్మకు ఇస్తాము, నాన్నగారికి ఇస్తాము. బజారులో అడిగినవారికల్లా ఇవ్వము. ఏదో ఆట కోసం తెచ్చుకున్న ఆప్ మీ చోటు అడిగితే, "ఆటకు నా చోటు ఎందుకు?" అని మీరు అడగాలి.

మన సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24వ తేదీన, తన సంగతులు తనవిగా ఉంచుకోవటం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు చేసిన చట్టం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకునేవారు తల్లిదండ్రుల అనుమతి పొందాలని చెబుతున్నది.

చుక్క బుద్ధిగానే కూచున్నది

ఇక మన రాజమహేంద్రవరం ఇంటికి పోదాము. అక్కయ్య వానలో వచ్చిన రాత్రి నాన్నగారికి చుక్క బాగా నచ్చింది. తమ్ముడి దగ్గర అక్కయ్య పాత ఫోను ఉన్నది. నాన్నగారు ఆ రాత్రి, వాడు నిద్రపోయాక, వాడితో చెప్పకుండా అందులో కూడా చుక్క ఏర్పాటు చేశారు.

శనివారంనాడు ట్యూషనులో ఉండవలసిన చుక్క గోదావరి గట్టున కనబడింది. మేష్టారికి జ్వరం వచ్చి ట్యూషను లేదు. పిల్లలందరూ వరద చూడటానికి వెళ్ళారు. నాన్నగారికి ఇదంతా తెలియదు. స్కూటరు మీద వెళ్ళి, స్నేహితులందరి ముందూ వాడిని కేకలేసి తీసుకువచ్చారు.

"నేను అక్కడ ఉన్నానని మీకెలా తెలిసింది?" అని వాడు అడిగాడు. నాన్నగారు చెప్పలేదు. వాడు రెండు రోజులు ఫోను కెలికి స్వయంగా కనిపెట్టాడు. అప్పుడు వాడికి కోపం రాలేదు, సిగ్గువేసింది. తనను నమ్మలేదన్నమాట!

తరువాతి శనివారం వాడు ఫోనును ట్యూషనులో ఒక స్నేహితుడి సంచిలో పెట్టి, తాను రేవుకు వెళ్ళాడు. వరద ఇంకా తీయలేదు. మెట్లన్నీ పాకుడుపట్టి ఉన్నాయి. నీళ్ళలో కొట్టుకుపోతున్న కొబ్బరికాయ కోసం వంగాడు, కాలు జారింది. పక్కన పడవ కట్టుకుంటున్న ఒక సరంగు చొక్కా పట్టుకుని లాగకపోతే ఏమయి ఉండేదో తలుచుకోవటానికే భయం వేస్తుంది.

వాడు తడిబట్టలతో వణుకుతూ గుమ్మంలో నిలబడేసరికి అమ్మ చేతిలో ఫోను ఉన్నది. అందులో చుక్క ఇంకా ట్యూషనులో బుద్ధిగా కూచునే ఉన్నది. అమ్మ ఫోను కేసి చూసింది, కొడుకు కేసి చూసింది. ఆవిడకు నోట మాట రాలేదు.

చూశారా? చుక్క చూపేది ఫోనును, మనిషిని కాదు. పైగా అమ్మ చుక్కను నమ్ముకుని నిశ్చింతగా ఉన్నది. చుక్క లేకపోతే, "వాడు ఇంకా రాలేదేమిటి?" అని ఈపాటికి ఎవరినో పంపి ఉండేది.

ఆ రాత్రి నాన్నగారు ఎవరినీ కేకలేయలేదు. చాలాసేపు మాట్లాడకుండా కూచుని, "తప్పు నాది కూడా ఉన్నదిరా. నీతో చెప్పి పెట్టి ఉండవలసింది," అన్నారు.

"నేనూ చెప్పి వెళ్ళి ఉండవలసింది, నాన్నా," అన్నాడు వాడు.

నాయనమ్మ ముక్కు మీద వేలు వేసుకుని, "మా నాన్నకు నేనెక్కడున్నానో ఊళ్ళో ప్రతివాడూ చెప్పేవాడు! ఆ ఊరే ఇప్పుడు ఫోనులో పడిందన్నమాట," అన్నది.

గోడ మీద ఒప్పందం

అక్కయ్య ఒక కాగితం తెచ్చి, అందరూ ఒప్పుకున్న మాటలు రాసి, కాలెండరు పక్కన అంటించింది. అవి ఇవి:

ఒకరికి తెలియకుండా ఒకరి చుక్క ఎవరూ చూడకూడదు. చిన్నపిల్లల విషయంలో అమ్మా నాన్నా నిర్ణయిస్తారు, కాని చెప్పి చేస్తారు.

చుక్క రెండువైపులా ఉండాలి. నాన్నగారు తమ్ముడిని చూస్తే, తమ్ముడూ నాన్నగారిని చూడవచ్చు.

ప్రయాణం ఉన్నంతసేపే చుక్క. ఇల్లు చేరగానే ఆపెయ్యాలి.

తాళం వేసి పంపే పద్ధతినే వాడాలి. ఇంట్లోవారు కానివారికి చుక్క పంపేముందు అమ్మను అడగాలి. నెలకొకసారి జాబితా చూసి, అక్కరలేని పేర్లు తీసివేయాలి.

చుక్క ఆగిపోతే కంగారు పడకూడదు. ఛార్జి అయిపోయి ఉండవచ్చు, టవరు అందక ఉండవచ్చు. ముందు ఫోను చెయ్యాలి. తరువాత తోటివారికి ఫోను చెయ్యాలి. నిజంగా ఆపద అనిపిస్తే 112కు ఫోను చెయ్యాలి.

చుక్క ఉన్నా సరే, ఎక్కడికి వెళుతున్నామో నోటితో చెప్పి వెళ్ళాలి.

చివరి మాట తమ్ముడు రాయమన్నాడు.

పది రోజుల తరువాత మళ్ళీ అక్కయ్య ఆలస్యమయింది. చుక్క రాజానగరం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, కదలలేదు. ఫోను చేస్తే మోగలేదు. అమ్మ గోడ మీది కాగితం కేసి చూసి, అక్కయ్యతో కలిసి వచ్చే స్నేహితురాలికి ఫోను చేసింది. "పిన్నిగారూ, తన ఫోనులో ఛార్జి అయిపోయిందండి. నా పక్కనే ఉన్నది, నిద్రపోతున్నది," అన్నది ఆ అమ్మాయి.

అమ్మ నవ్వుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు గొడుగు తీసుకుని, "అమ్మా, బస్టాండు దాకా వెళ్ళి అక్కను తీసుకొస్తాను," అని చెప్పి మరీ బయలుదేరాడు.

పిల్లలూ, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో కూడా ఈ సంగతి ఎత్తండి. మీ చుక్క ఎవరెవరికి కనబడుతున్నదో అమ్మానాన్నలతో కలిసి చూడండి. మీ గోడ మీద ఏమేమి రాసుకోవాలో మీరే తేల్చుకోండి.